పంక్ పాట: అభిమానానికీ విమర్శకూ మధ్య

1

గత ఏడాది మా జిల్లా శాఖ రెండు రోజుల సాహిత్య పాఠశాల జరిపింది. రెండో రోజు మధ్యాహ్నం ‘పాట – ప్రతిఘటన’ మీద చర్చ. సుద్దాల హనుమంతుతో మొదలుపెట్టి వంగపండు, గద్దర్ల దాకా వచ్చాం. అప్పుడు డిగ్రీ చదివే ఒక కుర్రవాడు లేచి, 1976 తర్వాత బ్రిటన్‌లో వచ్చిన పంక్ సంగీతాన్ని మనం ఎందుకు పట్టించుకోలేదని అడిగాడు. వేదిక మీద ఉన్న పెద్దాయన నేను గౌరవించే విమర్శకుడు. ఆయన రెండు మూడు వాక్యాల్లో తేల్చేశారు. అది క్షీణ సంస్కృతి అన్నారు. చిరిగిన బట్టలూ, రంగేసిన జుట్టూ, బూతు మాటలూ తిరుగుబాటు కాదన్నారు. కుర్రవాడు ఊరుకోలేదు. “అసలైన విప్లవ సంగీతం అదే సార్, మీరు వినకుండా మాట్లాడుతున్నారు” అన్నాడు. సభలో కలకలం రేగింది. అధ్యక్షుడు టీ విరామం ప్రకటించాడు.

ఆ సభలో నేను నోరు విప్పలేదు. విప్పవలసినవాణ్ణి. ఎందుకంటే ఇరవై ఏళ్ళకు పైగా ఆ పాటలు వింటున్నాను. ఇంట్లో తప్ప ఎక్కడా ఆ సంగతి చెప్పుకోలేదు. శ్రీశ్రీ మీద వ్యాసం రాసిన రాత్రి కూడా ఆ పాటలే విన్నాను. మన మిత్రుల మధ్య అది చెప్పుకోదగ్గ ఇష్టం కాదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఈ వ్యాసం ఆ మౌనానికి సంజాయిషీ. అయితే సంజాయిషీతోనే సరిపెట్టను. పెద్దాయన అన్నదీ పొరపాటే, కుర్రవాడు అన్నదీ పొరపాటే అని నా అభిప్రాయం. రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. ఇద్దరూ పాటను చరిత్ర నుంచి విడదీశారు.

ముందుగా నా సంగతి కొంత చెప్పాలి. నేను తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. 2002లో ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడి అన్నయ్య లండన్‌లో ఉద్యోగం చేసేవాడు. వచ్చినప్పుడల్లా పాటలు నింపిన కాసెట్లు తెచ్చేవాడు. వాటిలో ‘ది క్లాష్’ అనే బృందం కాసెట్ ఒకటి. మొదటిసారి విన్నప్పుడు ఒక్క మాటా అర్థం కాలేదు. గాయకుడు పాడుతున్నాడో అరుస్తున్నాడో తెలియలేదు. కానీ ఆ గొంతులో ఎవరినో నిలదీస్తున్న ధోరణి మాత్రం తెలిసింది. మా ఊళ్ళో కూలిరేట్ల దగ్గర గొడవ పడే మనిషి గొంతు అలాగే ఉండేది. నిఘంటువు దగ్గర పెట్టుకుని పాటల అర్థం కూడదీసుకున్నది తర్వాత. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ గాయకుడు జో స్ట్రమ్మర్ చనిపోయాడు. అతనికి యాభై ఏళ్ళు. నేను వినడం మొదలుపెట్టిన కొన్ని నెలలకే ఆ గొంతు గతంలో కలిసిపోయింది.

2

అసలు ఈ సంగీతం ఏ నేల మీద పుట్టింది? 1976లో బ్రిటన్ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పుకు చేయి చాచింది. సంక్షేమ ఖర్చులకు కోత పడింది. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. బడి వదిలిన పిల్లలకు పని లేదు. 1979లో థాచర్ అధికారంలోకి వచ్చింది. 1982 జనవరికి నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఒకప్పుడు యువతరం గొంతుగా వచ్చిన రాక్ సంగీతం అప్పటికి కోటీశ్వరుల వ్యాపారమైపోయింది. పెద్ద పెద్ద స్టేడియాల్లో అరగంటసేపు గిటార్ వాయించే విద్వాంసులు ఒక పక్క, టిక్కెట్టు కొనలేని కుర్రవాడు ఇంకో పక్క.

ఈ పరిస్థితిలో సెక్స్ పిస్టల్స్ బృందం వచ్చింది. 1977లో రాణి సింహాసనమెక్కిన పాతికేళ్ళ ఉత్సవాలు జరుగుతుంటే, ‘గాడ్ సేవ్ ద క్వీన్’ అనే జాతీయగీతం పేరునే తమ పాటకు పెట్టి రాచరికాన్ని ఎగతాళి చేశారు. బి.బి.సి. ఆ పాటను నిషేధించింది. అయినా అమ్మకాల్లో రెండో స్థానానికి వచ్చింది. దేశమంతా జెండాలు కడుతున్న వారంలో ఒక పాట అంత దూరం పోయిందంటే, ఆ జెండాల కింద ఉన్న అసంతృప్తి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కానీ ఈ బృందం కన్నా, దాన్ని చూసినవాళ్ళు చేసిన పని ముఖ్యమని నేననుకుంటాను. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో ఒక చిన్న హాల్లో వాళ్ళ కచేరీ జరిగింది. వచ్చినవాళ్ళు కొన్ని పదులకు మించరు. ఆ కచేరీ ఏర్పాటు చేసిన ఇద్దరు కుర్రవాళ్ళే బజ్‌కాక్స్ బృందం పెట్టారు. శ్రోతల్లో ఉన్న మరో ఇద్దరు తర్వాత జాయ్ డివిజన్ బృందంలో వాయించారు. ఇంకొకడు, మార్క్ స్మిత్, ‘ది ఫాల్’ బృందం పెట్టి నలభై ఏళ్ళు నడిపాడు. 1977 జనవరిలో బజ్‌కాక్స్ వాళ్ళు 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటల రికార్డు తామే అచ్చువేసుకున్నారు. ఏ పాటను ఎన్నోసారి పాడితే ఖాయం చేశారో కూడా అట్ట మీద వేశారు. రికార్డు చేయడంలో మర్మం ఏమీ లేదు, ఇది మీరూ చేయవచ్చు అని చెప్పడమే దాని ఉద్దేశం. ఉత్పత్తి రహస్యాన్ని వినియోగదారుడికి చెప్పేయడం పెట్టుబడిదారీ వ్యాపార ధర్మానికి పూర్తిగా విరుద్ధం.

పత్రికల సంగతీ అంతే. మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా 1976 జూలైలో ‘స్నిఫిన్ గ్లూ’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. టైపు కొట్టి, శీర్షికలు స్కెచ్ పెన్నుతో రాసి, జిరాక్సు తీసి, మూలకు పిన్ను కొట్టిన కాగితాలవి. సైక్లోస్టైల్ పత్రికలు నడిపిన మన పాతతరం వాళ్ళకు ఆ కష్టమూ ఆ సంబరమూ రెండూ తెలుసు. ‘సైడ్‌బర్న్స్’ అనే ఇంకో చిన్న పత్రిక గిటార్ మీద మూడు స్వరమేళనల బొమ్మలు వేసి, ఇవి వస్తే చాలు, వెళ్ళి మీ బృందం పెట్టుకోండి అని పాఠకులకు సలహా ఇచ్చింది.

ఇక్కడ మన భాషలోని ఒక మాట నాకు ఉపయోగపడుతోంది. అభిమానం అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇతరుల మీద ఇష్టం. రెండోది తన మీద తనకున్న గౌరవం. అభిమానవంతుడు అన్నప్పుడు మనం చెప్పేది రెండో అర్థమే. మన సినిమా అభిమాన సంఘాల్లో జరిగేదేమిటి? మొదటి అర్థం రెండో అర్థాన్ని మింగేస్తుంది. కటౌటుకు పాలాభిషేకం చేసే యువకుడు హీరోను ఎంత పెంచితే తాను అంత చిన్నవాడవుతాడు. పంక్ అభిమానిలో, ఆ తొలి రెండు మూడేళ్ళలోనైనా, ఈ రెండు అర్థాలూ కలిశాయి. పాటను ప్రేమించినవాడు ‘నేనూ చేయగలను’ అనుకున్నాడు. శ్రోత కర్త అయ్యాడు. నాకు ఆ పాటల మీద ఇన్నేళ్ళు నిలిచిన ఇష్టానికి మొదటి కారణం ఇది.

3

ఇప్పుడు పెద్దాయన ఆరోపణకు వద్దాం. క్షీణ సంస్కృతి అనే మాటను తేలిగ్గా తోసేయలేం. ఆ ఆరోపణలో నిజం ఉంది. 1976లో పంక్ కుర్రకారు కొందరు స్వస్తిక గుర్తు చేతికి కట్టుకు తిరిగారు. యుద్ధంలో పోరాడి వచ్చిన తండ్రుల తరాన్ని రెచ్చగొట్టడానికే ఆ పని చేశామని తర్వాత చెప్పుకున్నారు. రెచ్చగొట్టడం కోసమే అయినా అది క్షమించరానిది. చరిత్రలో లక్షల మందిని చంపిన గుర్తు ఎవరి సరదాకీ నగ కాకూడదు. జాయ్ డివిజన్ అనే పేరు కూడా నాజీ నిర్బంధ శిబిరాల్లో స్త్రీలను వ్యభిచార కూపాల్లోకి నెట్టిన ఉదంతాన్ని చెప్పిన ఒక నవల నుంచి తీసుకున్నదే. ఆ బృందం పాటలు నాకెంత ఇష్టమైనా, ఆ పేరు పలికినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

కోపానికి దానంతట అదే దిశ ఉండదు. పనిలేని తెల్ల కుర్రవాడి కోపం యజమాని మీదికి పోవచ్చు, పక్కింటి నల్లవాడి మీదికీ పోవచ్చు. అదే సమయంలో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ ఆ రెండో దారి చూపిస్తూ వీధుల్లో కవాతు చేస్తోంది. 1976 ఆగస్టులో ఎరిక్ క్లాప్టన్ అనే పెద్ద గిటార్ విద్వాంసుడు బర్మింగ్‌హామ్ కచేరీలో వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా మాట్లాడాడు. నల్లజాతి వాళ్ళ సంగీతం నేర్చుకుని పేరు తెచ్చుకున్న మనిషి అతను. దానికి జవాబుగా కొందరు పత్రికలకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం నుంచి ‘రాక్ ఎగెనిస్ట్ రేసిజం’ ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా వేలాదిమంది ఊరేగింపుగా నడిచారు. పార్కులో క్లాష్ పాడింది. రెగ్గే బృందం స్టీల్ పల్స్ పాడింది. సోమాలీ తండ్రికి పుట్టిన పాలీ స్టైరీన్ తన ఎక్స్‌రే స్పెక్స్ బృందంతో పాడింది. పళ్ళకు క్లిప్పు పెట్టుకుని, అందాల బొమ్మగా నిలబడటానికి నిరాకరించి, స్త్రీని సరుకుగా చూసే బజారును గొంతెత్తి తిట్టిన గాయని ఆమె. స్లిట్స్, రెయిన్‌కోట్స్ బృందాల్లోని అమ్మాయిలు ఆ తోవలోనే వచ్చారు. మా పాఠశాలలో పెద్దాయన గానీ కుర్రవాడు గానీ వీళ్ళ పేర్లు ఎత్తలేదు. చిరిగిన బట్టలు ఇద్దరికీ గుర్తున్నాయి.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది సౌతాల్ ఘటన. సౌతాల్ లండన్ పశ్చిమ భాగంలో పంజాబీలు ఎక్కువగా ఉండే పేట. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ అక్కడి టౌన్ హాల్లో ఎన్నికల సభ పెట్టింది. స్థానికులు నిరసనకు దిగారు. వాళ్ళకు మద్దతుగా వచ్చినవాళ్ళలో బ్లెయిర్ పీచ్ ఒకడు. న్యూజిలాండ్ నుంచి వచ్చి లండన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పుకునే బడిపంతులు. తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతన్ని కొట్టింది బహుశా పోలీసు అధికారే అని పోలీసుల అంతర్గత నివేదికే చెప్పింది. ఆ నివేదిక బయటపెట్టడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. అరెస్టయిన సౌతాల్ యువకుల కోర్టు ఖర్చుల కోసం 1979 జూలైలో జరిగిన కచేరీల్లో క్లాష్ కూడా పాడింది. స్వస్తికతో ఆడుకున్న కుర్రతనానికీ, ఈ కచేరీకీ మధ్య కాలం మూడేళ్ళే. ఈ మూడేళ్ళలో కోపానికి దిశ దొరికింది. దొరకడం యాదృచ్ఛికం కాదు. వీధిలో ఉద్యమం ఉంది కనుక పాటకు దారి దొరికింది.

మనకిది కొత్త పాఠం కాదు. 1965లో దిగంబర కవులు వచ్చినప్పుడు ఎన్ని మాటలన్నారు? బూతు అన్నారు, పిచ్చి అన్నారు, పాశ్చాత్యుల అనుకరణ అన్నారు. తొలి సంపుటిని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేయడం కూడా ప్రదర్శనే అన్నారు. ఆ విమర్శల్లో కొన్ని న్యాయమైనవే. కానీ ఆ ఆరుగురిలో నలుగురు 1970 నాటికి ఎక్కడికి చేరారో మనకు తెలుసు. అసహ్యం అనేది మజిలీయే గాని గమ్యం కాదని వాళ్ళు తెలుసుకున్నారు. అందుకని పంక్ వాళ్ళను ఇంగ్లీషు దిగంబరులని అనడం లేదు. దేశాలు వేరు, తరగతులు వేరు, అక్కడ ఉన్నంత బజారు ఇక్కడ లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఆగ్రహపు తొలి రూపాన్ని చూసి తుది తీర్పు చెప్పడం మన విమర్శకు పనికిరాదు.

4

ఇక కుర్రవాడి మాట. అసలైన విప్లవ సంగీతం అన్నాడు. అయితే ఇది వినాలి.

సెక్స్ పిస్టల్స్‌ను నడిపించినవాడు బట్టల దుకాణం యజమాని. క్లాష్ 1977 జనవరిలో సి.బి.ఎస్. అనే బహుళజాతి కంపెనీతో లక్ష పౌండ్ల ఒప్పందం చేసుకుంది. పంక్ ఆ రోజే చచ్చిపోయిందని స్నిఫిన్ గ్లూ గుమస్తా మిత్రుడు అన్నాడు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1980లో అదే క్లాష్ మూడు రికార్డుల ‘శాండినిస్టా’ సంపుటాన్ని ఒక రికార్డు ధరకే అమ్మించడం కోసం తన రాయల్టీని వదులుకుంది. నికరాగువా విప్లవకారుల పేరు పెట్టుకున్న సంపుటం అది. కానీ 1991లో, బృందం విడిపోయిన ఐదేళ్ళకు, వాళ్ళ పాట ఒకటి బ్రిటన్ అమ్మకాల్లో మొదటి స్థానానికి వచ్చింది. వాళ్ళ పాట మొదటి స్థానంలో నిలవడం అదొక్కసారే. కారణం? లీవైస్ జీన్స్ ప్రకటనలో ఆ పాట వాడారు.

ఇంతకన్నా చేదు ఉదాహరణ గాంగ్ ఆఫ్ ఫోర్. లీడ్స్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న వీళ్ళు పోస్ట్‌పంక్ అనే తర్వాతి దశకు చెందినవాళ్ళు. తొలి పంక్ అరుపు ఎక్కడ ఆగిందో అక్కడ వీళ్ళు ఆలోచించడం మొదలుపెట్టారు. రెగ్గే నుంచి నిశ్శబ్దాన్ని వాడుకోవడం నేర్చుకున్నారు. గిటార్ తెగిన తీగలా ఖణేల్‌మంటుంది, మధ్యలో ఖాళీ వస్తుంది, ఒక గొంతు చెప్పే మాటకు ఇంకో గొంతు అడ్డుపడుతుంది. 1979లో వచ్చిన వాళ్ళ తొలి సంపుటం పేరు ‘ఎంటర్‌టైన్‌మెంట్!’. సెలవుదినం, టీవీ వార్త, ప్రేమ, పడకగది అన్నిట్లోకీ సరుకు ఎలా చొరబడిందో ఆ పాటలు చెబుతాయి. నినాదం ఒక్కటీ లేదు. వస్తువుకు తగ్గ రూపం అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణలు తక్కువ తెలుసు. బి.బి.సి. టీవీ కార్యక్రమంలో పాడే అవకాశం వచ్చినప్పుడు, పాటలో ఒక్క మాట దగ్గర పేచీ వచ్చి, వాళ్ళు కోరిన మాట పెట్టడానికి ఒప్పుకోక బయటికి నడిచారు. అలాంటి బృందం పాట, అందులోనూ సుఖాన్ని సరుకుగా అమ్మడం గురించిన పాట, 2010 తర్వాత మైక్రోసాఫ్ట్ వీడియో ఆట ప్రకటనకు వాడుకున్నారు. రాణిని ఎగతాళి చేసిన పాటకూ ఇదే గతి. 2022లో రాణి డెబ్బై ఏళ్ళ ఉత్సవాల వేళ ఆ రికార్డును మళ్ళీ అచ్చువేసి అమ్మారు. పెట్టుబడికి రుచి పట్టింపు లేదు. తనను తిట్టిన తిట్టును కూడా పొట్లం కట్టి అమ్ముతుంది.

దీనికి మా బడిలోనే ఒక ఉదాహరణ ఉంది. పదో తరగతి కుర్రవాడొకడు ఆదివారం ట్యూషన్‌కు నల్ల టీషర్టు వేసుకొచ్చాడు. దాని మీద తెల్లటి గీతలు కొండల వరుసల్లా ఉన్నాయి. జాయ్ డివిజన్ 1979 నాటి తొలి సంపుటం అట్ట బొమ్మ అది. ఏమిట్రా ఇది అంటే, “కొండలు సార్, సంతలో కొన్నాను” అన్నాడు. కొండలు కావవి. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని తొలిసారి పసిగట్టిన పల్సార్ నక్షత్రం రేడియో సంకేతాల గీతలు. ఆ ఆవిష్కరణకు నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు ఆమెను వదిలేసి ఆమె గురువుకు ఇచ్చారు. బృందం గాయకుడు ఇయాన్ కర్టిస్ ఉపాధి కార్యాలయంలో వికలాంగులకు పని చూపించే ఉద్యోగం చేశాడు. మూర్ఛ వ్యాధితో బాధపడ్డాడు. 1980 మే 18న ఇరవై మూడేళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక స్త్రీకి జరిగిన అన్యాయమూ, ఒక జబ్బు మనిషి ఒంటరితనమూ అన్నీ ఊడిపోయి, మా మండలం సంతలో కొండల బొమ్మ మిగిలింది. సరుకుగా మారడమంటే ఇదే. చరిత్ర రాలిపోతుంది, బొమ్మ మిగులుతుంది. విప్లవం సంగీతంలోనే ఉందని నమ్మే మా డిగ్రీ మిత్రుడు ఈ టీషర్టుకు సమాధానం చెప్పాలి.

5

అయితే ఇక్కడొక చిక్కుంది. రాజకీయం ఉన్న పాటలను సమర్థించడం తేలిక. రాజకీయం కనిపించని పాటను ఇష్టపడితే ఏం చేయాలి? దీనికి నేను జాన్ పీల్ ఉదాహరణ తీసుకుంటాను. దీర్ఘకాలపు అభిమానానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

పీల్ బి.బి.సి. రేడియోలో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా పాటలు వేశాడు. లివర్‌పూల్ దగ్గర పత్తి వ్యాపారి కొడుకు. డబ్బున్నవాళ్ళ బడిలో చదివాడు. 1976లో అమెరికా బృందం రామోన్స్ తొలి రికార్డు విన్న తర్వాత, అప్పటిదాకా తాను వేస్తున్న సంగీతాన్ని పక్కనపెట్టి పంక్ వేయడం మొదలుపెట్టాడు. పాత శ్రోతలు కోపగించుకున్నారు. నలభైకి దగ్గరపడ్డ మనిషి తన అభిరుచిని తానే రద్దుచేసుకోవడం మామూలు సంగతి కాదు. అనామక బృందాలను స్టూడియోకు పిలిచి పాడించాడు. ఒక్క ‘ది ఫాల్’ బృందాన్నే ఇరవై నాలుగు సార్లు పిలిచాడు. అతన్ని మహాత్ముణ్ణి చేయనక్కరలేదు. 1965లో అమెరికాలో అతను పెళ్ళాడిన అమ్మాయికి పదిహేనేళ్ళు. ఆ నడవడికి అతని సంగీత సేవ జవాబు కాదు. భక్తుడు ఇలాంటివి దాచిపెడతాడు. అభిమాని దాచకూడదు.

1978లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నుంచి ‘అండర్‌టోన్స్’ అనే కుర్రవాళ్ళ రికార్డు అతనికి చేరింది. ‘టీనేజ్ కిక్స్’ అనే పాట. పీల్ ఆ పాటను రేడియోలో వెంటవెంటనే రెండుసార్లు వేశాడు. జీవితాంతం తనకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అదేనన్నాడు. అతని సమాధి రాయి మీద చెక్కింది అందులోని పంక్తే. ఆ పాటలో ఏముంది? ఏమీ లేదు. పదిహేడేళ్ళ కుర్రవాడికి ఒక అమ్మాయి మీద కోరిక. అంతే. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. డెర్రీ ఎలాంటి ఊరు? 1972 జనవరి 30న బ్రిటిష్ సైనికులు నిరాయుధుల మీద కాల్పులు జరిపి ఆ రోజే పదమూడు మందిని చంపిన ఊరు. వీధి మొగలో సైన్యం నిలబడి సోదా చేస్తుంటే, ఆ ఊరి కుర్రవాళ్ళు ప్రేమ పాట పాడుకోవడం పలాయనం కాదా? బెల్‌ఫాస్ట్‌కు చెందిన స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ బృందం ఆ సైన్యం గురించీ ఆ హింస గురించీ సూటిగా పాడింది. మన కొలబద్ద ప్రకారం రెండో బృందమే గొప్పది.

చాలాకాలం నేనూ అలాగే వాదించుకున్నాను. ఇప్పుడు నా మనసు మారింది. ఆ కుర్రవాళ్ళు వేరే దేశంలో ఉన్నట్టు నటించలేదు. యుద్ధం తమ వయసును కూడా దోచుకోవడానికి ఒప్పుకోలేదు. సైన్యం ఆక్రమించిన వీధిలో పదిహేడేళ్ళవాడు తన పదిహేడేళ్ళను అట్టిపెట్టుకోవడం కూడా ఒక నిరాకరణే. అలాగని సైన్యం మాట ఎత్తని ప్రతి ప్రేమపాటా ప్రతిఘటన అనడం లేదు. ఈ పాట ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నోట వచ్చిందో చూసి అంటున్నాను. ఇదే బృందం 1981లో, జైల్లో ఐరిష్ ఖైదీలు నిరాహార దీక్షల్లో చనిపోతున్న కాలంలో, ఆ విషాదం నేపథ్యంగా పాట చేసింది. వాళ్ళ గాయకుడు ఫియర్‌గల్ షార్కీ అరవై దాటిన వయసులో ఇంగ్లండ్ నదుల్లోకి మురుగు వదిలే నీటి కంపెనీల మీద పోరాడుతూ వచ్చాడు. వస్తువును పాట పల్లవిలో మాత్రమే వెతికితే ఇవేవీ కనిపించవు.

6

చివరగా ఆత్మవిమర్శ. ఈ పాటలు ఇన్నేళ్ళు ఎందుకు వింటున్నాను? సగం కారణం ఇంతకు ముందే చెప్పాను. మిగతా సగం అంత గౌరవప్రదమైనది కాదు. జీతం వస్తుంది. పిల్లల చదువులున్నాయి. బడిలో అన్యాయం కళ్ళ ముందు జరిగినప్పుడు ఎన్నోసార్లు తల దించుకున్నాను. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఆ కేకలు విన్నాను. నేను పడవలసిన కోపం నా బదులు వాళ్ళు పడ్డారు. పాట కోపాన్ని రేపవచ్చు, తీర్చి పడుకోబెట్టనూ వచ్చు. ఒకే పాట ఒకే మనిషికి ఈ రెండు పనులూ చేస్తుంది. ఇందులో ఏది జరుగుతుందో తేల్చేది పాట కాదు, పాట ఆగిన తర్వాత మనిషి చేసే పని. మా పాఠశాలలో నా మౌనం దీనికి సాక్ష్యం. నిలదీసే గొంతును ఇరవై ఏళ్ళు విని కూడా నేను నిలబడి రెండు మాటలు చెప్పలేకపోయాను.

కనుక ఈ సంగీతాన్ని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. వినకుండా తీర్పు చెప్పవద్దు, విన్నామని తీర్పు మానవద్దు అంటున్నాను. అభిమానం లేని విమర్శ పోలీసు పంచనామా అవుతుంది. విమర్శ లేని అభిమానం పాలాభిషేకం అవుతుంది. రెండూ మన పని కావు. వచ్చే పాఠశాలలో ఒక పూట కేటాయించి నాలుగు పాటలు వినిపించాలనీ, అర్థం తెలుగులో చెప్పుకోవాలనీ, తర్వాతే వాదించుకోవాలనీ శాఖకు ప్రతిపాదించాను. మొదటి వరుసలో కూర్చోమని డిగ్రీ మిత్రుణ్ణి పిలిచాను.

ఈ వ్యాసం చిత్తుప్రతి పెద్దాయనకు పంపాను. వారం తర్వాత ఫోను చేశారు. నాజీ గుర్తు గురించి ఇంకా గట్టిగా రాయవలసింది అన్నారు. దిగంబర కవుల పోలిక ఒప్పుకోనన్నారు. ఆత్మవిమర్శ కాస్త ఎక్కువైందన్నారు. కాసేపాగి, “సరేనయ్యా, ఆ పాటలు పట్టుకురా. విన్న తర్వాత పోట్లాడదాం” అన్నారు.